నాన్న చేతే ఎఫ్‌డీలు తీయించి పంపించుకున్నారు. బ్యాంకు ఒక్క మాట అడగక్కర్లేదా?

మధిర_అబ్బాయి
మా నాన్నగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు. 71 ఏళ్లు. పోయిన నెల "ముంబై క్రైం బ్రాంచ్" అంటూ వీడియో కాల్ వచ్చింది. మీ ఆధార్ మీద ఎవరో సిమ్ తీశారు, మనీ లాండరింగ్ కేసులో మీ పేరుంది, ఇంట్లో చెబితే అందరినీ లోపలేస్తాం అన్నారట. రెండు రోజులు అమ్మకి కూడా చెప్పలేదు. మూడో రోజు బ్యాంకు తలుపులు తీసే వేళకి వెళ్లి మూడు ఎఫ్‌డీలు గడువుకు ముందే తీయించి, 18,40,000 ఒకే ఆర్టీజీఎస్‌లో పంపేశారు. ఎవరికి? ఇంకో రాష్ట్రంలో ఏదో ట్రేడర్స్ పేరున ఉన్న కరెంట్ ఖాతాకి.
ఆ బ్రాంచిలో నాన్నకి 22 ఏళ్ల నుంచి ఖాతా ఉంది. పెన్షన్ అక్కడికే వస్తుంది. ఎప్పుడూ 50 వేలు దాటి ఎవరికీ పంపిన మనిషి కాదు. సగం మంది స్టాఫ్ ఆయన్ని "మాస్టారూ" అనే పిలుస్తారు. మర్నాడు సాయంత్రం మాకు తెలిసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. 2,10,000 మాత్రం ఎక్కడో ఆగింది, మిగతాది పోయింది.
మేనేజర్ని అడిగితే "ఆయనే వచ్చారు, ఆయనే సంతకం పెట్టారు, మేమేం చేస్తాం" అంటున్నాడు. చట్టప్రకారం బ్యాంకుకి బాధ్యత ఏమీ ఉండదా? కాస్త తెలిసినవాళ్లు చెప్పండి.

ఊరగాయ_జాడీ
రిజర్వ్ బ్యాంకు రూల్ ఉంది కదా, మూడు రోజుల్లో చెబితే మొత్తం వెనక్కి ఇవ్వాలని. వెంటనే మేనేజర్ మొహాన కొట్టండి.

లాపాయింట్
@ఊరగాయ_జాడీ ఆ సర్క్యులర్ 2017 జులై 6ది. అందులో ఉన్నది "అనధికార" ఎలక్ట్రానిక్ లావాదేవీల గురించి. అంటే మీకు తెలియకుండా మీ ఖాతాలోంచి డబ్బు పోతే. లోపం బ్యాంకుదైతే మీరు చెప్పినా చెప్పకపోయినా మీ మీద పైసా పడదు. లోపం మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎక్కడో అయితే, బ్యాంకు నుంచి కబురు అందిన మూడు పని దినాల్లో చెబితే అప్పుడూ మీ మీద పడదు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లోపు చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకి మీ నష్టం 10,000 దాటదు. ఆ తర్వాతైతే ఆ బ్యాంకు పాలసీ ఏం చెబితే అది.
మాస్టారి కేసు ఇందులో పట్టదు. ఆయనే వెళ్లి ఆయనే రాసిచ్చారు. మోసపోయి ఇచ్చినా చట్టం దృష్టిలో అది ఖాతాదారు ఇచ్చిన ఆదేశమే. చేదుగా ఉంటుంది, కానీ ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

వరంగల్_కాకా
అంటే తుపాకీ పెట్టి సంతకం చేయించుకున్నా ఆదేశమేనా వకీల్ సాబ్?

లాపాయింట్
తుపాకీ కౌంటర్ దగ్గర కనిపిస్తే కాదు కాకా. ఫోన్లో ఉంటే కనిపించదు, గొడవంతా అదే. ఎదుటివాడికి కనిపించాల్సింది కనిపించిందా, కనిపించీ ఊరుకున్నాడా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

మాజీ_క్యాషియర్
31 ఏళ్లు కౌంటర్ అవతల కూర్చున్నవాణ్ని, కొంచెం మా వైపు కూడా వినండి. 2019లో ఒక పెద్దావిడ 6 లక్షలు ఎవరికో పంపాలని వచ్చింది. నాకు అనుమానం వచ్చి ఎవరమ్మా, ఎందుకమ్మా అని రెండుసార్లు అడిగాను. "నా డబ్బు నా ఇష్టం, నువ్వెవరు అడగడానికి" అని హాలంతా వినపడేలా అరిచింది. పంపింది సొంత మేనల్లుడికే. సాయంత్రానికల్లా నా మీద ఆన్‌లైన్‌లో ఫిర్యాదు, వారానికి ఎక్స్‌ప్లనేషన్ మెమో. ఆ తర్వాత నేను ఎవరినీ ఏమీ అడగలేదు.
తప్పో ఒప్పో కాదు, జరిగింది చెబుతున్నా.

ఊరగాయ_జాడీ
ఏటీఎంలో మాత్రం "మీ వయసు ఎంత, భాష ఏది, రసీదు కావాలా, విరాళం ఇస్తారా" అని ఏడు ప్రశ్నలడుగుతారు 😄

మధిర_అబ్బాయి
@మాజీ_క్యాషియర్ మీ బాధ అర్థమైంది అంకుల్. కానీ 22 ఏళ్లలో లేనిది ఒక్కరోజు మూడు ఎఫ్‌డీలు తీయిస్తుంటే, కనీసం నాకు ఒక ఫోన్ చేయొచ్చు కదా? నామినీని నేనే. నా నంబరు వాళ్ల దగ్గరుంది.

మాజీ_క్యాషియర్
చేయకూడదు బాబూ. ఖాతాదారు బతికుండగా నామినీకి ఏ హక్కూ లేదు. ఆయన ఖాతా సంగతి ఆయన అనుమతి లేకుండా కొడుక్కి చెప్పినా అది మళ్లీ బ్యాంకు తప్పే. రహస్యం కాపాడటం కూడా మా బాధ్యతల్లో ఒకటి. రేపు ఇంకో కొడుకొచ్చి "మా నాన్న డబ్బు మా తమ్ముడికి పంపుతుంటే నాకెందుకు చెప్పలేదు" అంటాడు.

కృష్ణాతీరం
కొడుక్కి చెప్పకూడదు, సరే. ఆయన్నే లోపలికి పిలిచి కుర్చీ వేసి ఒక గ్లాసు నీళ్లిచ్చి అడగొచ్చుగా? దానికి ఏ రహస్యం అడ్డమొచ్చింది?

మాజీ_క్యాషియర్
అది మాత్రం చేయాల్సిందే. కాదనను.

లండన్_లచ్చుమమ్మ
సరిగ్గా ఇలాంటి గొడవే ఇక్కడ ఇంగ్లండ్‌లో సుప్రీంకోర్టు దాకా పోయింది, అందుకే రాస్తున్నా. ఇక్కడ "క్విన్స్‌కేర్ బాధ్యత" అంటారు. పాత కేసు, 1988లో తీర్పు. మందుల షాపులు కొనడానికని ఒక కంపెనీకి బార్‌క్లేస్ బ్యాంకు 4 లక్షల పౌండ్లు అప్పిచ్చింది. ఆ కంపెనీ ఛైర్మనే అందులో చాలా భాగం నొక్కేశాడు. అప్పుడు జడ్జి చెప్పింది ఏంటంటే, ఆదేశం మోసంతో కూడిందని అనుమానించడానికి తగిన ఆధారం కనిపిస్తుంటే బ్యాంకు కళ్లు మూసుకుని చెల్లించకూడదు, ఆగి విచారించాలి. తమాషా ఏంటంటే ఆ కేసులో గెలిచింది మాత్రం బ్యాంకే.
తర్వాత 2018లో ఒక దంపతుల్ని ఎవరో దర్యాప్తు అధికారుల పేరు చెప్పి నమ్మించారు. దాదాపు మాస్టారి కథే. 7 లక్షల పౌండ్లు దుబాయ్ వైపు ఖాతాలకి పంపించుకున్నారు. ఆవిడ క్విన్స్‌కేర్ కింద బార్‌క్లేస్ మీద కేసు వేసింది. కింద ఓడి, అప్పీల్ కోర్టులో గెలిచి, 2023 జులైలో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. కంపెనీ డబ్బు కంపెనీ మనిషి కాజేస్తున్నప్పుడే ఆ సూత్రం వర్తిస్తుంది, ఖాతాదారు తానే స్పష్టంగా పంపమని చెప్పినప్పుడు పంపడమే బ్యాంకు పని అన్నారు. పంపాక డబ్బు వెనక్కి రప్పించే ప్రయత్నం ఆలస్యం చేశారన్న ముక్క ఒక్కటే బతికింది.

వరంగల్_కాకా
అంటే అక్కడ కూడా "ఆయనే సంతకం పెట్టిండు" అన్నరన్నమాట. తెల్లోళ్ల మేనేజరు, మధిర మేనేజరు ఒకే స్కూలు.

లండన్_లచ్చుమమ్మ
😂 కానీ అక్కడితో ఆగలేదు కాకా. కోర్టులో పని కాకపోయేసరికి రెగ్యులేటరే రూల్ తెచ్చింది. 2024 అక్టోబర్ 7 నుంచి, ఇలా మోసపోయి తామే పంపిన డబ్బు కూడా బ్యాంకులు తిరిగివ్వాలి. ఒక్కో కేసుకి 85,000 పౌండ్ల వరకు. అందులో సగం పంపిన బ్యాంకు, సగం అందుకున్న బ్యాంకు భరించాలి. ఖాతాదారు మరీ ఘోరమైన అజాగ్రత్త చూపిస్తే ఇవ్వరు, దిక్కుతోచని స్థితిలో ఉన్నవాళ్లకి ఆ షరతు కూడా లేదు. దేశం లోపలి చెల్లింపులకే, విదేశాలకి పోతే రాదు.
అప్పటి నుంచి మా ఆయన 900 పౌండ్లు కార్పెంటర్‌కి పంపబోతే యాప్ నాలుగు హెచ్చరికలు చూపించింది. ఆయన విసుక్కున్నాడు, నేను సంతోషించాను.

కృష్ణాతీరం
అందుకున్న బ్యాంకు కూడా సగం భరించాలన్నది బాగుంది. మన దగ్గర అందరూ పంపిన బ్రాంచి మీద పడతారు. ఆ ట్రేడర్స్ ఖాతా తెరిచిన బ్రాంచిని ఎవరూ అడగరు.

లాపాయింట్
కృష్ణాతీరం అసలు చోటు పట్టుకున్నారు. చెక్కుల కాలంలో ఈ సంగతి మన చట్టంలో తేటగా ఉండేది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 131. క్రాస్ చేసిన చెక్కుని వసూలు చేసిపెట్టిన బ్యాంకుకి రక్షణ ఉంది, కానీ మంచి మనసుతో, అజాగ్రత్త లేకుండా చేస్తేనే. ముక్కూ మొహం తెలియనివాడికి పత్రాలు చూడకుండా ఖాతా తెరిచి దొంగ చెక్కు వసూలు చేసిపెడితే అది అజాగ్రత్తేనని కోర్టులు ఎన్నోసార్లు అన్నాయి.
ఆన్‌లైన్ చెల్లింపులకి అలాంటి సూటి సెక్షన్ లేదు. కేవైసీ నియమాలున్నాయి. ఆ ఖాతా ఎప్పుడు తెరిచారు, షాపు నిజంగా ఉందా, 18 లక్షలు పడ్డ గంటలో పది చోట్లకి పోతుంటే ఏ అలారమూ మోగలేదా అని అడగొచ్చు. @మధిర_అబ్బాయి మీ ఫిర్యాదులో ఆ బ్యాంకుని కూడా చేర్చండి.

డల్లాస్_దోసె
ఇక్కడ అమెరికాలోనూ అదే గీత. నాకు తెలియకుండా కార్డు వాడితే రెండు రోజుల్లో చెబితే 50 డాలర్లు, 60 రోజుల్లోపు అయితే 500 వరకు నా నష్టం. నేనే నొక్కి పంపానో, బ్యాంకు చేతులెత్తేస్తుంది. పోయినేడాది అపార్ట్‌మెంట్ అద్దెకని 1,800 పంపాను. అపార్ట్‌మెంటూ లేదు, అద్దె తీసుకున్నవాడూ లేడు.

ఊరగాయ_జాడీ
మన బ్యాంకులకి జాగ్రత్త లేదని ఎవరన్నారు? మా అమ్మమ్మ సంతకంలో 'ళ' వంకర తిరగలేదని 3 వేల రూపాయల విత్‌డ్రాయల్ రెండుసార్లు వెనక్కి పంపారు.

మధిర_అబ్బాయి
@ఊరగాయ_జాడీ మీరు జోక్ చేశారు కానీ నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. నాన్న చెప్పారు, ఆ రోజు సంతకం కలవలేదని మళ్లీ పెట్టించారట. రేపు మధిర వెళ్తున్నా, కనుక్కుని రాస్తా.

సత్తెనపల్లి_సుబ్బలక్ష్మి
ఎఫ్‌డీ వేద్దామని వెళ్తే బ్యాంకే ముంచిన కథ నాది. మా అత్తగారు 5 లక్షలు ఎఫ్‌డీ చేయమంటే, "దీనికి వడ్డీ ఎక్కువమ్మా" అని ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఏడాది తర్వాత చూస్తే ఇన్సూరెన్స్ పాలసీ, ఏటా 5 లక్షలు కట్టాలట! ఆవిడకి 68, పెన్షన్ 14 వేలు. మధిర అబ్బాయి వాళ్ల నాన్నని బయటి దొంగ మోసం చేశాడు, మా అత్తగార్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ చేశారు.

లాపాయింట్
@సత్తెనపల్లి_సుబ్బలక్ష్మి రిజర్వ్ బ్యాంకు 2014 డిసెంబర్‌లో ఖాతాదారుల హక్కుల పత్రం ఇచ్చింది. ఐదు హక్కుల్లో ఒకటి, అమ్మే సరుకు ఆ మనిషి వయసుకీ ఆదాయానికీ తగినదై ఉండాలన్నది. పాలసీ పత్రం అందిన 30 రోజుల్లో వెనక్కిచ్చే వీలు ఇప్పుడుంది. మీకు అది దాటిపోయింది కాబట్టి రాతపూర్వకంగా బ్యాంకుకి, ఇన్సూరెన్స్ కంపెనీకి రెండిటికీ ఫిర్యాదు ఇవ్వండి. పెన్షన్ 14 వేలున్న మనిషికి ఏటా 5 లక్షల ప్రీమియం అన్న అంకె ఒక్కటి చాలు, ఎవరికైనా అర్థమవుతుంది.

పెన్షనర్_పురాణం
లాకర్ సంగతి ఎవరైనా చెప్పండి. ఏళ్ల తరబడి అద్దె కడుతున్నాను. లోపలున్నవి పోతే మాకు సంబంధం లేదని ఒప్పందంలో రాసుకున్నారు.

లాపాయింట్
అది పాత ఒప్పందం సార్. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ధోరణిని తప్పుపట్టింది. కోల్‌కతాలో యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వాళ్లు, అద్దె కట్టినా, కబురైనా చెప్పకుండా లాకర్ పగలగొట్టారు. ఏడు నగలుండాల్సిన చోట రెండే ఇచ్చారు. లోపలేముందో మాకు తెలియదు కాబట్టి బాధ్యత లేదంటే కుదరదు, లాకర్ని కాపాడటంలో జాగ్రత్త మీ ధర్మం అని కోర్టు చెప్పి 5 లక్షల పరిహారం ఇప్పించింది. నియమాలు చేయమని రిజర్వ్ బ్యాంకుకి ఆరు నెలల గడువిచ్చింది. అవి ఆ ఆగస్టులో వచ్చాయి. దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం, ఉద్యోగి మోసం, వీటిలో ఏది జరిగినా ఏడాది అద్దెకి వంద రెట్ల వరకు బ్యాంకు ఇవ్వాలి. వరదలు, భూకంపాల్లాంటి వాటికి ఇవ్వరు. మీరు కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టారో లేదో చూసుకోండి.

పెన్షనర్_పురాణం
నా అద్దె 2,000. వంద రెట్లంటే 2 లక్షలు. ఈ రేట్లకి అందులో మా ఆవిడ వడ్డాణం బకిల్ కూడా రాదు.

వరంగల్_కాకా
అద్దె పెంచమని మీరే అర్జీ పెట్టుకోండి సార్ 😂

గోదారిగట్టు_శీను
టాపిక్ వదిలి ఎటో పోతున్నారు. నాదొక ప్రశ్న. అసలు "జాగ్రత్త చూపాలి" అని బ్యాంకులకి ఎక్కడ రాసుంది? ఒక చట్టం పేరు చెప్పండి. డబ్బు మనం వేస్తాం, అడిగితే ఇస్తారు. నిజం చెప్పాలంటే 71 ఏళ్లున్న మాస్టారు పేపర్లో రోజూ వచ్చే మోసాన్ని నమ్మితే బ్యాంకుని ఎందుకనాలి? ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబర్ మన్ కీ బాత్‌లో డిజిటల్ అరెస్ట్, అంటే ఇలా వీడియో కాల్‌లో అరెస్టు చేయడం, అనేదే లేదని చెప్పారు. ఇంకా ఎంత చెప్పాలి?

కృష్ణాతీరం
@గోదారిగట్టు_శీను రేపు మీ ఇంట్లోనూ ఫోన్ మోగుతుంది లెండి.

గోదారిగట్టు_శీను
శాపాలు వద్దు, చట్టం చెప్పండి.

లాపాయింట్
అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఒకే చట్టంలో ఒకే వాక్యంగా లేదు. ముక్కలు ముక్కలుగా ఉంది.
డబ్బు వేసినప్పుడు బ్యాంకు మనకి అప్పుపడినట్టు. మన ఆదేశం మీదే చెల్లించాలి. ఫోర్జరీ సంతకం ఆదేశమే కాదు. 1987లో కెనరా బ్యాంకు కేసులో ఒక కంపెనీ అకౌంటెంటే 42 చెక్కుల మీద దొంగ సంతకాలు పెట్టి 3 లక్షల 26 వేలు తీశాడు. "మీరు పాస్‌బుక్ చూసుకోలేదు, మీదే తప్పు" అని బ్యాంకు వాదించింది. పాస్‌బుక్ చూసి దొంగని పట్టుకోవడం ఖాతాదారు విధి కాదని సుప్రీంకోర్టు కొట్టేసింది. 2019లో కేరళ హైకోర్టు ఎస్సెమ్మెస్ విషయంలో కూడా అదే చెప్పింది. మెసేజ్ పంపాం, మీరు బదులివ్వలేదు కాబట్టి మా బాధ్యత పోయిందనడానికి లేదు.
ఇక వినియోగదారుల రక్షణ చట్టం 2019. అందులో "సేవాలోపం" అన్న మాట చాలా విశాలమైనది. చేయాల్సిన పనిలో లోటు, అజాగ్రత్త, తెలియాల్సింది దాచడం, అన్నీ అందులోకి వస్తాయి. మన దగ్గర బ్యాంకు జాగ్రత్త గురించిన కేసులు ఎక్కువగా నడిచేది ఆ తలుపులోంచే.

గోదారిగట్టు_శీను
ఇవన్నీ దొంగ సంతకాల కేసులు. మాస్టారిది సొంత సంతకం. నేనడిగింది అలాగే ఉంది.

లాపాయింట్
అలాగే ఉంది, ఒప్పుకుంటున్నా. ఇంకో అడ్డంకి కూడా నేనే చెబుతా. 2023 మార్చిలో సిటీ యూనియన్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, మోసం, నేరం లాంటి చిక్కు వాస్తవాలున్న తగాదాలు వినియోగదారుల కమిషన్లలో తేలేవి కావు, అక్కడ జరిగేది క్లుప్త విచారణ అని. కాబట్టి "మోసం ఎవరు చేశారు" అని కాకుండా "బ్యాంకు ఆ రోజు కౌంటర్లో ఏం చేసింది, ఏం చేయలేదు" అని మాత్రమే రాయాలి. ఆ ఒక్క గంట గురించే.

ఊరగాయ_జాడీ
ఆ ఓటీపీ చెప్పనివాడి కేసు ఉంది కదా, స్టేట్ బ్యాంకు మీద గెలిచాడు?

లాపాయింట్
గౌహతి హైకోర్టు, 94 వేల చిల్లర. ఆన్‌లైన్‌లో కొన్న బట్ట వెనక్కిద్దామనుకుంటే కస్టమర్ కేర్ పేరుతో ఫోన్ వచ్చింది, ఏదో యాప్ వేయించారు, డబ్బు పోయింది. వెంటనే ఫిర్యాదు చేశాడు. అజాగ్రత్త అతనిదని బ్యాంకు రుజువు చేయలేకపోయింది. ఆ రుజువు భారం బ్యాంకు మీదే ఉంటుందని 2017 సర్క్యులర్‌లోనే ఉంది. 2025 జనవరి 3న సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. అయితే ఖాతాదారులు కూడా ఓటీపీల విషయంలో జాగ్రత్తగా ఉండాలని ఒక మాటంది. అది అనధికార లావాదేవీ, మళ్లీ అదే గీత.

మధిర_అబ్బాయి
మధిర వెళ్లొచ్చా. అర్జీ రాసిస్తే ఆర్టీజీఎస్ ఫారం జిరాక్స్ ఇచ్చారు. మొదట ఇవ్వనన్నారు, నాన్నని వెంట తీసుకెళ్తే ఇచ్చారు.
ఫారం మీద మూడు సంతకాలున్నాయి. మొదటిది చేయి వణికి గీతలా పోయింది. దాని పక్కన పెన్నుతో ఇంటూ కొట్టారు. రెండోదాని కింద కూడా ఇంటూ. మూడోదాని పక్కన టిక్ కొట్టి అధికారి ఇనీషియల్. 40 ఏళ్లు బోర్డు మీద గుండ్రంగా రాసిన మనిషి చేతిరాత అది. చూస్తే కడుపులో తిప్పింది.
"ఎందుకు పంపుతున్నారు" అన్న గడిలో "ఫ్లాట్ కొనుగోలు" అని ఉంది. అది నాన్న చేతిరాత కాదు. అడిగితే, కౌంటర్లో అమ్మాయి "ఫ్లాటా మాస్టారూ?" అందట, ఈయన తలూపారట, ఆ అమ్మాయే రాసేసింది. అంతసేపూ చొక్కా జేబులో ఫోన్ కాల్‌లోనే ఉంది. లైన్ కట్ చేస్తే అరెస్టే అని చెప్పారట. జేబులోంచి ఒకసారి హిందీలో ఎవరిదో గొంతు కూడా వచ్చిందట.

మాజీ_క్యాషియర్
మూడుసార్లు సంతకం అడిగారా!
చూడు బాబూ, నేను మొదట బ్యాంకు వైపు మాట్లాడాను. ఇప్పుడు చెబుతున్నా విను. సంతకం రెండుసార్లు తప్పితే మూడోది పెట్టించే ముందు మనిషి మొహం చూడాలి. నమూనా సంతకం ఉండే స్పెసిమెన్ కార్డుతో కలిస్తే చాలనుకున్నారు. 71 ఏళ్ల పాత ఖాతాదారు, ఎఫ్‌డీ మీద ఒక శాతం వడ్డీ వదులుకుని మూడూ ఒకేసారి తీయించుకోవడం, కొత్త పేరు, పెద్ద మొత్తం, వణికే చేయి. ఇందులో ఏ రెండు కలిసినా మా రోజుల్లో మేనేజర్ గదిలోకి పంపేవాళ్లం. ఇప్పుడు కౌంటర్ పక్క గోడకి డిజిటల్ అరెస్ట్ పోస్టర్ అతికించి పనైపోయిందనుకుంటున్నారు. ఆ బ్రాంచిలో పోస్టర్ ఉందా?

మధిర_అబ్బాయి
ఉంది అంకుల్. ఆర్టీజీఎస్ కౌంటర్ వెనకాలే. ఇంగ్లీషులో.

లండన్_లచ్చుమమ్మ
అయ్యో.

గోదారిగట్టు_శీను
పర్పస్ గడి వాళ్లే నింపారన్నది నిజమైతే నా మాట వెనక్కి తీసుకుంటున్నా. పూర్తిగా కాదు. సగం.

లాపాయింట్
మీ కేసు ఈ కాగితమే. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో భద్రంగా పెట్టండి.
ఇప్పుడు చేయాల్సినవి. ఆ రోజు సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని ఇవాళే రాతపూర్వకంగా ఇవ్వండి. ఎక్కువ రోజులు ఉంచరు. ఫిర్యాదు మీ పేరున కాదు, నాన్నగారి పేరున బ్యాంకుకి ఇవ్వాలి, తేదీ ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఆన్‌లైన్లోనే, ఫీజు లేదు. దానికి ముందే కోర్టుకెళితే అంబుడ్స్‌మన్ తీసుకోడు, వరుస తప్పకండి. వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ల గడువుంది. 2019 చట్టం వచ్చాక మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, అంటే ఖమ్మం చాలు.
గెలుస్తారని మాటివ్వను. మొత్తం ఇప్పించడం కష్టం. కొంతైనా రావడానికి మూడు సంతకాలు, ఆ పర్పస్ గడి పనికొస్తాయి.

వరంగల్_కాకా
ఆగిన 2,10,000 సంగతి? మా బావమరిదికి 70 వేలు ఆగితే లోక్ అదాలత్‌లో ఇప్పించిన్రు. మన తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోవాళ్లు అట్ల చాలామందికి ఇప్పిస్తున్నరు. స్టేషన్లో ఎఫ్ఐఆర్ నంబరు, 1930 అక్నాలెడ్జ్‌మెంట్ పట్టుకుని అడుగు తమ్మీ. నువ్వడగకపోతే వాళ్లకి గుర్తుండదు.

కృష్ణాతీరం
సుప్రీంకోర్టు డిజిటల్ అరెస్టుల మీద తానే కేసు తీసుకుంది కదా. అంబాలాలో వృద్ధ దంపతులు రాసిన ఉత్తరంతో మొదలైంది. 2025 డిసెంబర్ 1న సీబీఐకి అప్పగిస్తూ, మోసగాళ్లకి ఖాతాలు తెరిచిపెట్టిన బ్యాంకు ఉద్యోగుల పాత్ర కూడా చూడమంది. అలాంటి ఖాతాల్ని కంప్యూటర్‌తో ముందే పసిగట్టే ఏర్పాటు ఎందుకు వాడటం లేదని రిజర్వ్ బ్యాంకుని అడిగింది. ఇన్నేళ్లకి ఆ రెండో వైపు ఎవరో చూశారు.

మాజీ_క్యాషియర్
కరెంట్ ఖాతాల టార్గెట్లు కూడా ఎవరైనా చూస్తే బాగుణ్ను. నెలాఖరుకి పది ఖాతాలు తెరవమంటే షాపు ఉందో లేదో ఎవడు వెళ్లి చూస్తాడు.

సత్తెనపల్లి_సుబ్బలక్ష్మి
మా అత్తగారి ఫిర్యాదు ఇచ్చొచ్చాను. రీజనల్ ఆఫీసు నుంచి ఫోన్, "మేడమ్ మాట్లాడుకుందాం" అంటున్నారు. ఏడాది నుంచి తీయని ఫోను. కాగితం మహిమ.

లాపాయింట్
ఫోన్లో ఏం మాట్లాడినా, అదే మెయిల్లో రాయమనండి.

మధిర_అబ్బాయి
నెల తర్వాత వస్తున్నా. బ్యాంకు జవాబొచ్చింది. రెండే లైన్లు: "ఖాతాదారు స్వయంగా హాజరై ఇచ్చిన ఆదేశం మేరకు చెల్లింపు జరిగింది. మా వైపు సేవాలోపం లేదు." అంబుడ్స్‌మన్‌కి పెట్టేశాం. 2,10,000కి లోక్ అదాలత్ దరఖాస్తు కూడా పెట్టాం. కాకా, థ్యాంక్స్.

లాపాయింట్
మూడు సంతకాల గురించి, పర్పస్ గడి గురించి జవాబులో ఏమైనా రాశారా?

మధిర_అబ్బాయి
ఒక్క ముక్క లేదు.

లాపాయింట్
మంచిది. అడిగినదానికి జవాబివ్వలేదని అంబుడ్స్‌మన్ దగ్గర అదే మొదటి లైనుగా రాయండి.

లండన్_లచ్చుమమ్మ
నాన్నగారు ఎలా ఉన్నారు?

మధిర_అబ్బాయి
మొదటి రెండు వారాలు మాట్లాడలేదండి. ఫోన్ మోగితే లేచి వేరే గదిలోకి వెళ్లేవారు. నిన్న ఫిర్యాదు డ్రాఫ్ట్ చూపిస్తే ఎర్ర పెన్ను అడిగారు. నా స్పెల్లింగులు మూడు దిద్దారు. తర్వాత ఆ ఎఫ్‌డీ కాగితాలు ముందేసుకుని గంట కూర్చుని లెక్క వేశారు. గడువుకు ముందే తీసినందుకు కోసుకోవాల్సింది పోను, ఇవ్వాల్సిన వడ్డీలో కూడా బ్యాంకు 412 రూపాయలు తక్కువేసిందట.

మాజీ_క్యాషియర్
వేసే ఉంటారు. మాస్టారి లెక్క తప్పదు.

లాపాయింట్
ఆ 412 కూడా ఫిర్యాదులో చేర్చండి. దాంట్లో మాత్రం ఎవరి సంతకం గొడవా లేదు.